చర్చి యనగా నేమి?



ఇట్టి సంచికలలో దేవాలయములను గూర్చియు, నాటక సమాజములను గూర్చియు, మన పూర్వులు కట్టించిన సత్రములను గూర్చియు పెద్దలు వ్రాయుట వాడుక. మమ్ము చర్చిని గూర్చి వ్రాయుమని సంపాదకులు కోరినారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరిలో లెడ్జరులు నింపి, విశ్రాంతి పొందినవారము. అయినను మూడు తరములుగా బరంపురములో కాపురమున్న తెలుగు క్రైస్తవ కుటుంబమువారము. మా సంఘపు రిజిస్టరులు పండ్రెండేండ్లుగా మా చేతిలో నున్నవి. కనుక చెప్పవలసిన మాట యొకటి మాకు కలదు. అది తీపిమాట కాదు. మా సంఘములో కొందరికి కోపము వచ్చునని యెరిగియే వ్రాయుచున్నాము.

సంగతి యిది. గడచిన యేడు మా సంఘపు కమిటీ యెదుటికి ఒక తీర్మానము వచ్చినది. తెలుగు ఆరాధనను నిలిపివేసి ఇంగ్లీషు ఆరాధనలో కలుపవలెననియు, దానిని ప్రతి ఆదివారము ఫోనులలో ప్రత్యక్ష ప్రసారము చేయవలెననియు, పాతహాలును పెండ్లిండ్లకు, విందులకు అద్దెకిచ్చి ఆదాయము పెంచవలెననియు దాని సారాంశము. చదువుకొన్నవారే, మంచివారే దానిని తెచ్చినారు. వారు చూపిన కారణములు మూడు. పిల్లలకు తెలుగు రాదు. బెంచీల మీద కూర్చుండువారికంటె ఫోనులో చూచువారు ఎక్కువ. పాత కట్టడమునకు మరమ్మతులకు డబ్బు లేదు. ఈ మూటిని చెప్పి, చివరకు వారు పలికిన మాట: "కాలము మారినది. చర్చి యను మాటకు అర్థము కూడ మారవలెను."

మారవలెను. ఈ మాట మేమును ఒప్పుకొందుము. చర్చి యనగా నేమో మరల ఆలోచింపవలసిన కాలము వచ్చినది. కాని వారు ఆలోచన మొదలుపెట్టిన చోటు తప్పు. కట్టడమునకు బదులు ఫోను, ఒక భాషకు బదులు మరియొక భాష, కానుకకు బదులు అద్దె అని వారు లెక్క వేసినారు. ఈ లెక్కలో మనుష్యులు ఏ పద్దులో నున్నారో మాకు కనబడలేదు. గుమాస్తాలము గనుక ముందుగా దానినే వెదకినాము.

మాటతోనే మొదలుపెట్టుదము. చర్చి యనునది ఇంగ్లీషు మాట. దాని మూలము గ్రీకు భాషలో ప్రభువునకు చెందినది అను అర్థము గల పదమని భాషావేత్తలు చెప్పుదురు. అయితే క్రొత్త నిబంధనలో ఈ యర్థమున వాడిన గ్రీకు మాట వేరు. అది ఎక్లేసియా. పిలువబడి కూడినవారు అని దాని భావము. క్రైస్తవులు దానిని చేపట్టకముందే గ్రీకు పట్టణములలో పౌరులు కూడి తమ ఊరి సంగతులు తేల్చుకొను సభకు అది పేరు. మన యానాములో ఫ్రెంచివారు తమ చర్చిని ఎగ్లీజ్ అనుటకు మూలము ఈ పదమే. మన బైబిలును తెలుగు చేసినవారు దానికి ఏ మాట పెట్టినారు? గుడి యనలేదు, మందిరమనలేదు. సంఘము అన్నారు. ఆ మాట మనకు క్రొత్తది కాదు. అమరావతిలో బౌద్ధులు స్తూపమెత్తిన నాటికే ఆంధ్రదేశమున వాడుకలో నున్నది. ఇటుకలకు కాదు, కూడి బ్రదుకు మనుష్యులకు పెట్టిన పేరది.

మా నాయనమ్మకు అక్షరములు అంతంత మాత్రమే వచ్చును. అయినను ఆమె ఈ భేదము ఎరుగును. కట్టడమునకు పోవునపుడు "గుడికి పోతున్నాం" అనెడిది. ఎవరింటనో కష్టము కలిగినప్పుడు "సంఘానికి చెప్పండి" అనెడిది. గుడికి చెప్పుమని ఆమె ఎన్నడును అనలేదు, ఏలయనగా గోడలు వినవు. రెండు వస్తువులకు రెండు మాటలు. పిదప మేము ఇంగ్లీషు చదువులు చదివి రెంటికిని చర్చి యను ఒక్క మాటనే తగిలించినాము. ఆ దినముననే తికమక మొదలైనది. ఇప్పుడు కట్టడమును అద్దెకిచ్చుటయు, సంఘమును మూసివేయుటయు ఒకే తీర్మానములో ఇమిడిపోవుచున్నవనగా, ఆ తికమక ఎంత దూరము వచ్చినదో చూడుడు.

క్రీస్తుశకము మొదటి రెండు శతాబ్దములలో క్రైస్తవులకు ప్రత్యేకముగా కట్టిన ఆరాధనా భవనములు ఉన్నట్లు చెప్పుకొనదగినది ఏమియు లేదు. వారు ఇండ్లలో కూడిరి. పౌలు తన పత్రికలలో ఫలానివారి యింటిలో నున్న సంఘమునకు వందనములని వ్రాసినాడు. చర్చి ఒక యింటిలో ఇమిడినది, ఇల్లు చర్చి కాలేదు.

ఇక మన దేశపు సంగతి. 1866లో జాన్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు దొర ఒంగోలు చేరినాడు. ఆయన బడికి అగ్రవర్ణముల పిల్లలు వచ్చుచుండిరి. ఇంతలో యెఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ విశ్వాసి బోధ వలన పల్లెల నుండి మాదిగలు బాప్తిస్మమునకై రాసాగిరి. వారిని చేర్చుకొన్నచో తమ పిల్లలను బడి మాన్పింతుమని పెద్ద కులములవారు చెప్పిరి. ఊరిలో పరపతి గలవారు ఒక ప్రక్క, ఊరి వెలుపలివారు ఒక ప్రక్క. క్లౌ దంపతులు ఊరి వెలుపలివారిని విడువలేదు. పిల్లలు బడి మానిరి. లెక్క చూచువారికి అది నష్టము. సంఘము పుట్టినది మాత్రము ఆ నష్టములోనే.

తరువాత 1876 మొదలు 1878 వరకు మహాక్షామము. ఆకలిగొన్నవారికి కూలి దొరకవలెనని క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొన్నాడు. వేలకొలది జనులు అక్కడ మట్టి మోసి, కూలి తీసికొని, ప్రాణము నిలుపుకొన్నారు. పగటివేళ పని ఆపినప్పుడు ఆయన సహాయకులగు తెలుగు బోధకులు వారితో మాటలాడెడివారు. చాలమంది బాప్తిస్మము కోరినారు. క్లౌ ఇయ్యలేదు. కరవు కాలమున అన్నము కొరకు వచ్చినారను నింద కలుగగూడదని పదునైదు మాసములు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యక నిలిపినాడు. క్షామము తీరి, సహాయధనము పంచుట ముగిసిన పిమ్మటనే ఒప్పుకొన్నాడు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఇచ్చినవారును ఆ తెలుగు బోధకులే.

ఈ సంగతిని మేము సంఖ్య కొరకు చెప్పుట లేదు. 2,222 అను అంకెను పదే పదే చెప్పుకొని మురియుట మనవారికి అలవాటు. మేము చెప్పునది ఆ పదునైదు మాసములను గూర్చి. లెక్క పెంచుకొనుటకు వీలున్నప్పుడు పెంచుకొనని ఆ పదునైదు మాసములే చర్చి. కాలువ గట్టున బెంచీలు లేవు, గంట లేదు, హాలు లేదు. మట్టి తట్ట మోయువాడును, మోయించువాడును, వానికి గంజి కాచునదియు కలిసియున్నారు. నేడు మన పిల్లలు చూచు కొన్ని మహాసభలలో వేదికయు, దీపములును, స్వస్థతల ప్రకటనలును, చివర బ్యాంకు ఖాతా సంఖ్యయు ఉండును. పదునైదు మాసములు లెక్క పెంచుకొనకుండ ఆగగల బోధకుడు వారిలో ఎందరు? ప్రశ్న మాది, జవాబు వారిది.

రెండవ సంగతి భాష. పిల్లలకు తెలుగు రాదు గనుక ఆరాధన ఇంగ్లీషునకు మారవలెనట. ఒక దృష్టాంతము వినుడు. దోర్నకల్లు బిషపుగా పేరుపొందిన వి. యస్. అజరయ్యగారు తెలుగువారు కారు. తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళులు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో ఒక ఇండియను మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు ఆయన అందు ముఖ్యులు. 1909లో ఆయన స్వయముగా దోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లెల వెంట తిరిగినారు. 1912లో భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికను బిషపు అయినారు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమును చూచినవారు ఎరుగుదురు: అందు హిందూ దేవాలయపు స్తంభములును, మసీదుల గుమ్మటములును కలిసియున్నవి. ఆ ఊరి కన్నులకు పరాయిది కాగూడదని అట్లు కట్టినారు. తమిళుడు తెలుగు నేర్చుకొనెను గాని, తెలుగు కూలివానిని తమిళము నేర్చుకొని రమ్మనలేదు. ఎవడు ఎవని యొద్దకు నడువవలెనో అందు తేలిపోవుచున్నది.

మన గంజాం సీమ సంగతియు చెప్పవలెను. పురుషోత్తమ చౌధరిగారు ఈ సీమవారు. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890 వరకు జీవించిన ఆ మహాకవి కీర్తనలు నేటికిని తెలుగు క్రైస్తవులు ఉన్న ప్రతి చోట వినబడుచున్నవి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకము తెరచి చూడుడు. అనేకమైన పాటల పైన రాగము, తాళము అచ్చువేసియుండును. బాప్టిస్టులు, లూథరనులు, దక్షిణ ఇండియా సంఘమువారు తమ తమ మతభేదములు ఎట్లున్నను ఆ పుస్తకమును పంచుకొన్నారు. ఒడిస్సాకును ఆంధ్రమునకును నడుమ గీత గీయబడినది 1936 ఏప్రిలు 1న. ఆ కీర్తనలు అంతకు ఎంతో ముందువి. గీత వాటిని ఆపలేదు. ఇప్పుడు మా కమిటీ ఆపగలదేమో చూడవలెను.

ఇచ్చట మా మేనకోడలు మమ్ము నిలదీసిన సంగతి దాచక చెప్పవలెను. ఆమె బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది, క్రిస్మసునకు వచ్చినది. మేము ఈ వాదమంతయు వినిపింపగా ఆమె ఓపికగా విని యిట్లన్నది: "మామయ్యా, మీకు కావలసింది చర్చా, తెలుగా? తెలుగే అయితే దానికి ఆంధ్ర సంఘం ఉంది కదా. దేవుడికి తెలుగొక్కటే వచ్చా?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. చర్చి భాషను కాపాడుటకు ఏర్పడినది కాదు. ఏ భాషయైనను దానికి పనిముట్టే. తెలుగు మీది మమకారమును మేము భక్తి యని పేరు పెట్టి చెప్పుకొనుచుంటిమా? కొంతవరకు చెప్పుకొనుచుంటిమి. ఒప్పుకొనుచున్నాము.

కాని తెల్లవారుజామున మాకు తోచిన సమాధానము ఇది. ఏ భాష యని అడుగవలదు, ఎవరు మూగవారగుదురు అని అడుగవలెను. మా తెలుగు ఆరాధనకు వచ్చువారిని మేము ఒక్కొక్కరిని ఎరుగుదుము. గడచిన ఆదివారము 31 మంది. వారిలో 18 మంది అరువది దాటినవారు, అందు అధికులు స్త్రీలు. ఇండ్లలో పాచిపని చేసి పిల్లలను చదివించిన ముసలమ్మలు, రైల్వేలో ఖలాసీలుగా చేసిన వృద్ధులు. వీరికి ఒడియాలో బేరమాడుట వచ్చును, ఇంగ్లీషు ముక్క రాదు. వారు ఏడ్చుటకును, పాడుటకును, ప్రార్థించుటకును ఉన్నది ఒక్క తెలుగే. తీర్మానము నెగ్గిన మరుసటి ఆదివారము వారు వచ్చి వెనుక బెంచీలో కూర్చుండి, లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుండి, ఇంటికి పోవుదురు. తమ సంఘములో తామే మూగవారగుదురు. బలహీనులను మూగవారినిగా చేసి బలవంతుల సౌకర్యము చూచునది క్లబ్బగును గాని సంఘము కానేరదు.

వీరందరు గతించిన పిదప మా మనుమలు ఒడియాలో పాడుదురేని పాడనిండు. మేము సమాధులలో నుండి అడ్డుచెప్పము. ఒడియా వారు ఆడుకొన్న భాష, ఇరుగు పొరుగు భాష. కాని మా సంఘములో ఊయలలో ఇంగ్లీషు విన్న బిడ్డ ఒక్కరును లేరని రిజిస్టరు పట్టుకొని చెప్పగలము. పిల్లల కొరకని పేరు చెప్పి పెద్దల గొప్ప కొరకు తెచ్చుచున్న భాష అది. మా మేనకోడలికి ఇదే వ్రాసితిమి. ఆమె ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు, కాని ప్రశ్నను మార్చినారని మాత్రము వ్రాసినది.

మూడవ సంగతి ఫోను. ఇచ్చటనే మేము మిక్కిలి జాగ్రత్తగా మాటలాడవలెను. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధించినపుడు గుడులు, మసీదులు, చర్చిలు అన్నియు మూతపడినవి. ఆ దినములలో ఫోనులో పాస్టరు అయ్యగారి కంఠము వినబడుట ఎంత ఆదరణయో మేము మరువలేదు. మంచము పట్టినవారికి, దూరదేశమున నున్నవారికి అది నేటికిని మేలే. దానిని తీసివేయుమని మేము అనుట లేదు.

కాని ఆ యేడే మేము మరియొకటి చూచితిమి. మా సంఘములో ఒక వృద్ధుడు మరణించినాడు. జబ్బు వేరైనను జనులకు భయము. సమాధుల తోటకు నలుగురమే పోయితిమి: ఆయన కుమారుడు, పాస్టరు అయ్యగారు, సమాధి త్రవ్వువాడు, మేము. పెట్టెకు నాలుగు మూలలు గనుక నలుగురము చాలితిమి. ఫోనులో ప్రార్థన పెట్టినప్పుడు చేతులు జోడించిన బొమ్మలు ఎన్నో వచ్చినవి. ప్రభుత్వపు నిబంధన యున్నది, వారిని తప్పుపట్టరాదు. అయితే ఆ పెట్టె బరువు మా భుజము మీద నున్నప్పుడు మాకు తెలిసినది: బొమ్మ ఎంత ప్రేమతో పంపినను భుజము కాదు. నిబంధనలు తొలగి యేండ్లు గడచినవి. నేడు రాదలచిన వానికి అడ్డు లేదు. అయినను ఇప్పుడును బొమ్మలే వచ్చుచున్నవి. అప్పుడు గత్యంతరము లేక చేసినదానిని ఇప్పుడు ఆచారముగా స్థిరపరచి, దానికి నవీనత యని పేరు పెట్టుచున్నారు. మేము వ్యతిరేకించునది దీనినే.

ప్రసారమును 400 మంది చూచినారని కమిటీలో ఒక కాగితము చదివినారు. మేము హాజరుపట్టీ వ్రాసినవారము. ఎవడు వచ్చెనో తెలియని పట్టీని ఏ ఆఫీసులోను పట్టీ యనరు. ఆ 400 మందిలో ఎవరికి జ్వరము, ఎవరి కుమారునకు పని పోయినది, ఎవరింట మూడు దినములుగా పొయ్యి వెలుగలేదు అని ఆ కాగితము చెప్పలేదు. బెంచీ ఖాళీగా నున్నచో మేము అడుగుదుము. ఫోను ఖాళీగా నున్నచో అడుగువాడు లేడు.

నాలుగవది కట్టడము. కట్టడము చర్చి కాదని చెప్పి, మేమే కట్టడమును అద్దెకీయవలదనుట విరుద్ధము కాదా యని అడుగుదురు. కాదు. 2013 అక్టోబరు 12వ తేదీ శనివారము రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినది. దసరా దినములు. ఊరిలో దుర్గా పందిళ్లు కూలినవి, చెట్లు పడినవి, కరెంటు లేదు. మా హాలు పైకప్పు సగము ఎగిరిపోయినది. మిగిలిన సగము క్రింద ఆ రాత్రి మా వీధివారందరును తలదాచుకొనిరి: మనవారు, ఒడియావారు, చర్చి గడప ఎన్నడును త్రొక్కనివారు. మరునాడు ఆదివారము. తడిసిన బెంచీల మీద ఆకాశము క్రింద ఆరాధన జరిగినది. దుర్గా పందిరి కుర్రవాండ్రు తమ వద్ద మిగిలిన బియ్యము, పప్పు తెచ్చిరి, మా స్త్రీలు వండిరి, అందరు తినిరి. మా చర్చి చర్చిగా నున్న దినము ఒకటి చెప్పుమనిన మేము ఆ దినమునే చెప్పుదుము. కప్పు లేని హాలు అద్దెకు ఎవరును అడుగరు. అయినను అది తలుపు మూయలేదు. కట్టడము సంఘము చేతిలో నుండవలెను. దానికి విలువ ఆ మేరకే. అద్దె తలుపునకు తాళము పడిన తరువాత రాబోవు తుఫాను రాత్రి తాళపుచెవి ఎవరి యొద్దనుండును?

అంతకు ఐదేండ్ల ముందు, 2008 ఆగస్టులో, మా పొరుగున నున్న కంధమాల్ జిల్లాలో జరిగిన ఘోరములలో ఇండ్లు కాలినవి, ప్రార్థనా మందిరములు కాలినవి. వేలకొలది జనులు సహాయ శిబిరములలో దినములు గడపినారు. గోడలు బూడిదయైన చోట కూడ జనులు కూడి మోకరించినారు. గోడలే చర్చి యైనచో అక్కడ చర్చి సమసిపోవలసినది. సమసిపోలేదు.

ఇంతవరకు ఇతరులను అంటిమి. ఇక మా తప్పులు చెప్పుకొనవలెను, లేనియెడల ఈ వ్రాత వేషధారణ యగును. మా పిల్లలకు తెలుగు రాకపోవుట ఎవరి తప్పు? మాదే. ఇంట ఇంగ్లీషు మాటలు పలికినప్పుడు మురిసి చప్పట్లు కొట్టినది మేమే. పూర్వము బైబిలు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి మన అవ్వలకు అక్షరములు నేర్పినారు. మా తరములో ఒక్క సండేస్కూలు ఉపాధ్యాయుడు పలక పట్టలేదు. పూర్వము మన యిల్లాండ్రు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము సంఘమునకై వేరుచేసి కుండలో వేసెడివారు. ఆ కుండ ఎప్పుడు పోయినదో మాకే తెలియదు. కులము సంగతి మరియు సిగ్గుచేటు. ప్రభువు బల్ల యొద్ద ఒకే రొట్టె విరిచి తినుదుము, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు మెల్లగా కులమడుగుదుము. క్లౌ దొర బడిని పోగొట్టుకొని నిలిపిన దానిని మేము వంటింటి గుసగుసలలో పోగొట్టుకొనుచున్నాము. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింటు జార్జి దేవాలయములో వేర్వేరు శాఖలవారు తమ పేర్లు విడిచి దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైనారు. వారు పేర్లు విడిచినారు. వారి వారసులమైన మనలో కొందరము ఆస్తుల కొరకు, పదవుల కొరకు కోర్టు మెట్లు ఎక్కుచున్నాము. యువకులు చర్చికి దూరమగుటకు భాష ఒక్కటే కారణమని చెప్పుట వారిని మోసగించుట. వారు ఈ సంగతులన్నియు చూచుచున్నారు.

కేవలము వలదనువాడు వాదము గెలిచినను పని చెడును. కనుక మేము కమిటీ యెదుట ఉంచిన ప్రతిపాదనలు ఇవి. తెలుగు ఆరాధన నిలువవలెను. ప్రసంగము పిదప పది నిమిషములు ఒడియాలోనో, పిల్లలకు వచ్చిన మరియొక భాషలోనో దాని సారము చెప్పవలెను, పిల్లలు ప్రశ్నలడుగవలెను. ఆరాధనకు ముందు అరగంట, ఏ మతము పిల్లలకైనను తెలుగు అక్షరములు నేర్పవలెను. పలకలు మేము కొని యిచ్చెదము. ఫోను ప్రసారము ఉండనిండు, కాని దానిని చూచు ప్రతి రోగి యింటికి నెలకొక్కసారి ఇద్దరు మనుష్యులు పోయి కూర్చుండవలెను. హాలును విందులకు అద్దెకిచ్చుటకు బదులు, సాయంత్రము బీదపిల్లల చదువునకు తెరచి యుంచవలెను. జమాఖర్చులు ప్రతి నెల గోడమీద అంటింపవలెను. సమాధుల తోటలో ఫలాని వారికి ఫలాని వరుస యను మాట వినబడగూడదు. పిడికెడు బియ్యపు కుండను మరల పెట్టవలెను. మరమ్మతుకు డబ్బు చాలకున్న సగము కప్పు క్రిందనే కూర్చుందము. ఇంతకు మునుపు కూర్చుంటిమి.

ఈ సంచిక చదువు అధికులు క్రైస్తవులు కారు. మీ ఇంటి గొడవ మాకెందుకని మీరు అనవచ్చును. కాని మీ రామమందిరమున, మీ భజన సమాజమున, బొంబాయిలోను షోలాపురములోను మద్రాసులోను బెంగుళూరులోను ఉన్న మన ఆంధ్ర సంఘములలో ఈ ప్రశ్న లేదా? కట్టడమున్నది, బోర్డున్నది, వాట్సాపు గుంపున్నది, ఉగాదికి పులిహోర పొట్లమున్నది. ఎవరింటనైన చావు కలిగినప్పుడు పాడె పట్టుటకు ఎందరు వచ్చుచున్నారు? మీరును సంఘము అను మాటనే వాడుచున్నారు. మాటను వాడుకొన్నప్పుడు దాని ఋణము కూడ తీర్చవలెను గదా.

మా కమిటీ తీర్మానము ఇంకను తేలలేదు. వచ్చు సర్వసభ్య సమావేశమున చేతులెత్తి తేల్చవలెను. ఆ ముసలమ్మలలో చాలమంది అట్టి సమావేశములకు వచ్చి ఎరుగరు. తమకు ఓటున్నదని కూడ కొందరికి తెలియదు. రిజిస్టరు మా చేతిలో నున్నది, వారి పేర్లన్నియు అందులో తెలుగులో వ్రాసియున్నవి. ఈ వారము మొదలు మేము ఆ పేర్లు పట్టుకొని ఇల్లిల్లు తిరుగుచున్నాము. ఓడినను తిరిగినందుకు చింతింపము. ఇన్నేండ్లు ఆఫీసులో కూర్చుండి పేర్లు వ్రాసితిమి. ఆ పేర్ల వెనుక నున్న తలుపులు తట్టుట మాకు ఇదియే మొదటిసారి.